విద్యార్థుల పరిశోధన పటములు – రైతు వాటిని చదువవలసిన తీరు



కళాశాలలలో చదువుకొను పిల్లలు తాము స్వయముగా చేసిన పరిశోధనలను పటములపై వ్రాసి, గోడలకు తగిలించి, ప్రక్కన నిలుచుండి వచ్చినవారికి వివరించు పద్ధతి నేడు మన రెండు తెలుగు రాష్ట్రములలోను కానవచ్చుచున్నది. ఫిబ్రవరి 28వ తేదీన జరుపు జాతీయ విజ్ఞాన దినమున పెక్కు కళాశాలలలో ఇట్టి ప్రదర్శనలు ఏర్పాటు చేయుదురు. తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో 'జిజ్ఞాస' అను పేర విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టులకు పోటీలు జరుపుచున్నారు. వ్యవసాయ బి.యస్సి. చదువువారికి 2015లో ప్రారంభమైన 'స్టూడెంట్ రెడీ' కార్యక్రమము క్రింద గ్రామములలో ఉండి రైతులవద్ద పని నేర్చుకొనుట, సొంతముగా ఒక ప్రాజెక్టు చేయుట మొదలగునవి చదువులో భాగములే. చేతిలో నోటు పుస్తకముతో మీ ఊరికి వచ్చి, మీ పొలము గట్టుమీద నిలుచుండి ప్రశ్నలు వేయు పిల్లలు వీరే.

ఈ పటములను చూడవచ్చిన రైతులలో రెండు తెగలవారిని నేను గమనించుచుందును. 'ఇది పిల్లల ఆట' యని ఒక చూపు చూచి సాగిపోవువారు ఒక తెగ. పటములో పెద్ద అక్షరములతో '40 శాతము అధిక దిగుబడి' అని కనబడగానే ఆ మందు పేరు చీటీపై వ్రాసికొని, రాబోవు పంటకు అయిదెకరములకు సరిపడ కొనువారు రెండవ తెగ. మొదటివారికి తెలిసికొనదగిన విషయము జారిపోవును. రెండవవారికి డబ్బే జారిపోవును. పటమును సరిగా చదువుట నేర్చినచో ఈ రెండు నష్టములును తప్పును. అందుకు పెద్ద చదువు అక్కరలేదు. పొలము తీరు తెలిసినవారికి సగము ముందే తెలిసియుండును.

ఇరువదేండ్ల పిల్లలు చేయునది నిజముగా పరిశోధనయేనా?

వయస్సును బట్టి విజ్ఞానమును కొలువరాదు. సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆనర్సు చదువుచుండగా, పదునెనిమిదేండ్ల వయస్సున, 1929 జనవరిలో మద్రాసులో జరిగిన భారత విజ్ఞాన కాంగ్రెసులో తన పత్రమును సమర్పించెను. ఆ సంవత్సరముననే ఆయన వ్రాసిన మరియొక పత్రము లండనులోని రాయల్ సొసైటీ ప్రచురణలో వెలువడెను. 1983లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను. అయితే ఆయన పని కాగితము, కలముతో జరుగునది. మన పిల్లల పని మన్నుతోను, వానతోను, ఎలుకలతోను జరుగునది. వారికి దొరకునది ఒక్క పంటకాలము, కొద్దిపాటి నేల. కాబట్టి విద్యార్థి వేసికొను ప్రశ్న చిన్నదిగా ఉండుటయే మేలు.

2021లో మన మిరప తోటలను నల్ల తామర పురుగులు పాడుచేసిన సంగతి మీరు మరువలేదు. ఆ పురుగు ఎక్కువగా పూలలో చేరును. ఒక విద్యార్థి వారమునకు ఒకసారి అదే తోటకు పోయి, పూవు పూవునకు ఎన్ని పురుగులున్నవో, నీలిరంగు జిగురు అట్టకు ఎన్ని అంటినవో లెక్కించి, ఏ వారమున ఉధృతి పెరిగినదో పటము గీసెననుకొనుడు. దానిలో మందు లేదు, శాతము లేదు, ఆశ్చర్యము లేదు. కాని ఆ తోటకు, ఆ సంవత్సరమునకు అది నమ్మదగిన లెక్క. 'పది రకముల ఆకు కషాయములతో అన్ని పురుగుల నివారణ' అను పటముకంటె నాకు ఇదియే ఇష్టము.

మొదటి ప్రశ్న: ఏమియు వేయని మడి ఎక్కడ?

పటము ముందు నిలిచి మీరు మొదట అడుగవలసినది ఇది. క్రొత్త ఎరువు వేసిన మడిలో పంట బాగున్నదనుటలో విశేషము లేదు. ఆ సంవత్సరము వానలు బాగుండి ఊరంతటను పంట బాగుండవచ్చును. అదే విత్తనము, అదే తేదీ, అదే నీరు, అదే కలుపు తీత గలిగి, ఆ ఎరువు ఒక్కటి మాత్రము లేని మడి ప్రక్కన ఉండవలెను. దీనిని కంట్రోలు లేక చెక్కు మడి యందురు. చెక్కు మడి లేని పటము ఎంత అందముగానున్నను, దానిని బట్టి ఒక్క రూపాయి ఖర్చు చేయవద్దు.

చెక్కు మడి ఉన్నను చాలదు. మీ పొలమును తలచుకొనుడు. కాలువ మొదట ఉన్న మడియు, చివరి మడియు ఒకటి కావు. పూర్వము పేడకుప్ప వేసిన చోట నేటికిని పైరు నల్లగా ఎదుగును. చెట్టు నీడ పడు మూల, చౌడు తేలిన పట్టె, ట్రాక్టరు తిరిగి గట్టిపడిన అంచు మీకు తెలియనివి కావు. క్రొత్త ఎరువును పేడకుప్ప చోటున, చెక్కును చౌడు పట్టెలో వేసినచో ఎరువు గొప్ప ఎట్లు తెలియును? అందుచేత ఒకే పద్ధతిని నాలుగైదు వేరు వేరు చోట్ల వేయుదురు. దీనిని రెప్లికేషను అందురు. ఏ మడికి ఏ పద్ధతి అన్నది పరిశోధకుడు తన ఇష్టప్రకారము నిర్ణయింపక చీట్లు తీసి నిర్ణయించును. మనిషికి తెలియకయే మంచి మడి తన కిష్టమైన పద్ధతికి పోవును గనుక చీటీకే అధికారమిచ్చుట క్షేమము.

ఇది బల్లముందు కూర్చుండి కల్పించిన నియమము కాదు, పొలములో పుట్టినది. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రములో 1843 నుండి ఎరువుల పరిశోధనలు జరుగుచుండెను. 1919లో అక్కడ చేరిన రొనాల్డ్ ఫిషర్ అను గణితజ్ఞుడు ఆ లెక్కలను పరిశీలించుచు చీట్ల పద్ధతిని శాస్త్రముగా మలచి, 1925లోను 1935లోను గ్రంథములు వ్రాసెను. అంతకు ముందే 1908లో డబ్లిన్ నగరములోని గిన్నెస్ బీరు కర్మాగారమున పనిచేయు గాసెట్ అను నతడు, కొద్ది నమూనాలతో వచ్చిన ఫలితమును ఎంతవరకు నమ్మవచ్చునో లెక్కించు విధానమును ప్రకటించెను. తన పేరు వెల్లడింపక 'విద్యార్థి' అని కలము పేరు పెట్టుకొనెను. నేటికిని ఆ లెక్కను ప్రపంచమంతట విద్యార్థి పరీక్ష యనియే పిలుచుచున్నారు. మా తరగతులలో ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు కొంత ఉత్సాహపడుదురు.

చిన్న మడి, పెద్ద తప్పు

విద్యార్థుల మడి సాధారణముగా చిన్నది. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల మడి 20 చదరపు మీటర్లు. ఎకరము సుమారు 4,047 చదరపు మీటర్లు. అనగా మడిలో కనబడు ప్రతి కిలోయు ఎకరమునకు 202 కిలోలగును. 75 కిలోల బస్తా లెక్కన ఇది రెండు బస్తాల ముప్పాతిక. ఒక కిలో ధాన్యము ఎలుక తినవచ్చును, కళ్లములో రాలవచ్చును, తూకములో తప్పవచ్చును. పటములో 'ఎకరమునకు మూడు బస్తాలు హెచ్చు' అని చదివినప్పుడు, 'మడిలో ఎన్ని కిలోల తేడా వచ్చినది బాబూ?' అని అడుగుడు.

గట్టు ప్రక్కనున్న వరుసలకు ఎండ, గాలి, బలము ఎక్కువ. ఆ వరుసలను కలిపి కోసినచో దిగుబడి హెచ్చుగా కనబడును. అందుచే అంచు వరుసలను వేరుగా కోసి, నడిమి భాగమునే తూచవలెను. తేమ సంగతియు అట్టిదే. 20 శాతము తేమ గల 100 కిలోల ధాన్యము 14 శాతము తేమకు ఆరినప్పుడు 93 కిలోలే నిలుచును. ఒక పద్ధతిలో పైరు నాలుగు దినములు ఆలస్యముగా పండి, పచ్చిగా తూచినచో, ఆ ఏడు కిలోల నీరే 'అధిక దిగుబడి' యై పటమెక్కును.

కుండీలలో చేసిన పనిని ఇంకను జాగ్రత్తగా చూడవలెను. కుండీలో 10 కిలోల మన్ను పట్టుననుకొన్నచో, ఎకరములో పైనున్న 15 సెంటీమీటర్ల మన్ను సుమారు 9 లక్షల కిలోలు. కుండీలో ఒక గ్రాము గింజ తేడాను మన్ను లెక్కన హెచ్చించినచో ఎకరమునకు 90 కిలోలు అయి కూర్చుండును. కుండీ ఫలితమును ఎకరములలో చెప్పిన పటమును నేను నమ్మను.

మొలక పరీక్షలలో మరియొక చిక్కు ఉన్నది. 25 గింజలలో చెక్కునందు 20, మందు పట్టించిన వానిలో 22 మొలిచినవనుకొనుడు. పటములో 80 శాతము, 88 శాతము అని వ్రాయుదురు. ఎనిమిది శాతము పెద్దదిగా తోచును. నిజమునకు తేడా రెండు గింజలు! ప్రయోగశాలలలో పద్ధతి ప్రకారము నూరేసి గింజలు నాలుగు భాగములుగా, మొత్తము 400 గింజలతో పరీక్ష చేయుదురు. వరి విత్తనమునకు ధ్రువీకరణ ప్రమాణమైన 80 శాతము మొలకను ఆ విధముగానే నిర్ణయింతురు.

పట్టిక అడుగున నున్న చిన్న అక్షరములు

దిగుబడుల పట్టిక చివర సి.డి. అని ఒక అంకె ఉండును. క్రిటికల్ డిఫరెన్సు అని దాని పూర్తి పేరు. పటమంతటిలోను రైతు తప్పక చూడవలసిన అంకె ఇదియే. రెండు పద్ధతుల మధ్య తేడా ఈ అంకెకంటె తక్కువైనచో, ఆ తేడా పద్ధతివలన వచ్చినదో, నేల ఎగుడుదిగుడులవలన వచ్చినదో చెప్పలేమని అర్థము.

లెక్క తెలియుటకై నేను కల్పించిన అంకెలు చెప్పుదును. ఏమియు వేయని మడి ఎకరమునకు 22.0 క్వింటాళ్లు, మొదటి పద్ధతి 23.1, రెండవ పద్ధతి 24.9, మూడవది 22.6 ఇచ్చినవి. సి.డి. 2.1. చెక్కుతో పోల్చగా రెండవ పద్ధతికి 2.9 క్వింటాళ్లు హెచ్చు. ఇది 2.1ని మించినది గనుక నమ్మదగిన తేడా. మొదటి పద్ధతికి 1.1, మూడవదానికి 0.6 మాత్రమే హెచ్చు గనుక అవి చెక్కుతో సమానములని భావింపవలెను. ఇక ఒక మెలిక. రెండవ పద్ధతికిని మొదటిదానికిని మధ్య తేడా 1.8 మాత్రమే. అనగా మొదటిదానికంటె రెండవది మేలని కూడ ఈ పటము రుజువు చేయలేదు. పిల్లలు తరచుగా ఇక్కడ తడబడుదురు. నెమ్మదిగా అడిగినచో వారికే తెలియును.

కొన్ని పట్టికలలో సి.డి. ఉండవలసిన చోట ఎన్.ఎస్. అని రెండక్షరములుండును. తేడా తేలలేదని దాని భావము. నేను ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్య కారణము ఈ రెండక్షరములే.

తేడా రాని పటము విలువ

కృష్ణా, గుంటూరు డెల్టా ప్రాంతములలో వరి కోతకు ముందు పొలములో మినుము చల్లుట మీకు తెలిసినదే. ఒక విద్యార్థిని మినుము విత్తనమునకు రైజోబియము కల్చరు పట్టించి, పట్టించని దానితో పోల్చి చూచెననుకొనుడు. నెల దినములకు మొక్కలను వేళ్లతో త్రవ్వి, కడిగి, బుడిపెలను లెక్కించెను. వాటిని కోసి లోపల ఎరుపుగా నున్నవో లేవో చూచెను, ఎరుపుగానున్న బుడిపెలే నత్రజనిని పట్టును గనుక. చివరకు గింజలు తూచినప్పుడు తేడా తేలలేదు. ఆమె చిన్నబోవును. ప్రక్కన '35 శాతము వృద్ధి' అను పటము ముందు జనము గుమిగూడుదురు. బహుమతియు సాధారణముగా అటే పోవును.

నా అభిప్రాయము వేరు. పెక్కేండ్లుగా మినుము, పెసర వేయుచున్న నేలలో వాటికి తగిన సూక్ష్మజీవులు ముందే నిండి ఉండవచ్చును. అట్టి చోట పొట్లము కొని పట్టించినను క్రొత్తగా వచ్చు లాభము తక్కువ. ఎన్నడును అపరాలు ఎరుగని నేలలో అదే పొట్లము బాగుగా పనిచేయవచ్చును. ఆ అమ్మాయి పటము మీకు చెప్పుచున్నది ఇదియే: 'మా నేలవంటి నేలలో ముందు బుడిపెలు చూడుడు, తరువాత కొనుడు.' ఖర్చు తగ్గించు మాట పంట పెంచు మాటకు తీసిపోదు. సీసాలలో అమ్ము పెరుగుదల మందుల విషయములో ఇట్టి పటములు ఇంకను పది రెట్లు కావలెను.

పెద్ద శాతములు మాత్రమే చూపవలెనని పిల్లలపై ఒత్తిడి ఉన్నచో జరుగు కీడు ఏమో లెక్కించి చూడుడు. సాధారణముగా ఈ పరీక్షలలో ఇరువదింట ఒక వంతు పొరపాటును అనుమతింతురు. ఒక హాలులో 40 పటములున్నవనియు, వాటిలోని మందులలో ఒక్కటియు పనిచేయునది కాదనియు అనుకొనుడు. అయినను సుమారు రెండు పటములలో, మేలుగనో కీడుగనో, తేడా వచ్చినట్లు కేవలము అదృష్టవశమున తోచును. మిగిలిన 38 పటములను దాచి ఆ రెండింటినే గోడకు తగిలించినచో, ప్రతి పిల్లవాడును నిజాయితీపరుడే అయినను, హాలు మొత్తము మిమ్ములను మోసగించినదగును. కాబట్టి ప్రదర్శనకు వచ్చినప్పుడు 'తేడా రాని పటములు ఏవి?' అని అడుగుడు. రైతు నోట ఆ ప్రశ్న రెండు మూడేండ్లు వినబడినచో, మేము ఎంత చెప్పినను మారని విషయము తనంత తానే మారును.

ఒక హెచ్చరిక. తేడా తేలలేదన్న ప్రతి పటమును మంచిది కాదు. పరీక్షయే మొద్దుగా ఉండవచ్చును. 22 క్వింటాళ్ల దిగుబడిలో సి.డి. 6 క్వింటాళ్లు వచ్చినచో, మూడు క్వింటాళ్ల నిజమైన లాభమును కూడ ఆ పరీక్ష కనిపెట్టలేదు. పుట్లు తూచు త్రాసుతో బంగారము తూచినట్లగును. సి.వి. అను మరియొక అంకె కూడ ఉండును. పొలము పరీక్షలో అది 20 శాతము దాటినచో మడులు చాలలేదనియో, నేల సమముగా లేదనియో నేను అనుమానింతును.

పటమునుండి పొలమునకు

మంచి పటమైనను అది ఒక చోట, ఒక పంటకాలమున వచ్చిన ఫలితము. మీరు ఎరిగిన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, బాపట్లలో రూపొంది 1986లో విడుదల అయినది. ఒక వరి రకము రైతును చేరుటకు ముందు పరిశోధనా స్థానములో కొన్నేండ్లు, తరువాత వేరు వేరు ప్రాంతములలో, ఆపై రైతుల పొలములలో మినీకిట్లుగా పరీక్షలకు నిలువవలెను. విద్యార్థి పటము ఆ త్రోవలో మొదటి మెట్టు. మొదటి మెట్టుపై నున్నదానిని అయిదెకరములలో వేయరాదు. అయిదు జతల చాళ్లలో వేసి చూడవచ్చును.

అది యెట్లనగా, ఒకే పొలములో ప్రక్క ప్రక్కన రెండేసి పట్టెలుగా అయిదు జతలు గుర్తింపుడు. ప్రతి జతలోను ఏ పట్టెకు క్రొత్త పద్ధతి వేయవలెనో నాణెము ఎగురవేసి నిర్ణయింపుడు. మిగిలిన సేద్యమంతయు రెండింటికిని ఒకటే. కోతనాడు అంచులు వదలి, పట్టె పట్టెకు వేరుగా తూచుడు. అయిదు జతలలోను క్రొత్త పద్ధతియే హెచ్చినచో, అది ఊరక అదృష్టముచే జరుగుటకు 32లో ఒక పాలు మాత్రమే అవకాశము. నాణెము వరుసగా అయిదుసార్లు బొమ్మే పడినంత అరుదు. మూడు జతలలో హెచ్చి, రెండింట తగ్గినచో తొందరపడక మరియొక సంవత్సరము చూడుడు. హెచ్చిన ధాన్యము వెల ఖర్చును మించినదా లేదా యన్న లెక్క మీకు నేను చెప్పనక్కరలేదు.

పటము ఇంగ్లీషులో ఉన్నదని వెనుదీయవద్దు. తెలుగులో చెప్పుమని అడుగుడు. తాను చేసిన పనిని రైతుకు తెలుగులో చెప్పలేని విద్యార్థి దానిని ఇంకను పూర్తిగా గ్రహింపలేదనియే నా తలంపు. అతడు తడుముకొన్నను తప్పు లేదు, ఆ తడుముకొనుటలోనే నేర్చుకొనును.

విద్యార్థులకు నేల ఇచ్చు రైతులకు

మీ సమస్యనే వారి ప్రశ్నగా చేయవలెనన్న, వానకారు పంటకు ముందే కళాశాల వారితో మాట్లాడుడు. నాట్లు పడిన తరువాత చెప్పినచో ఆ సంవత్సరము పోయినట్లే. నాలుగు పద్ధతులు, అయిదు రెప్లికేషన్లు అయినచో 20 మడులు, 400 చదరపు మీటర్లు. అనగా గట్లు గాక సుమారు 10 సెంట్లు, తెలంగాణ లెక్కన 4 గుంటలు. చెక్కు మడులలో ఎరువో మందో వేయరు గనుక అక్కడ పంట తగ్గవచ్చును. అవి అయిదు మడులు, రెండున్నర సెంట్లు. ఆ నష్టము ఎవరు భరింతురో ముందే మాట్లాడుకొనుట ఉభయులకును మంచిది. ఏ మందు, ఎంత మోతాదు, కోతకు ఎన్ని దినముల ముందు చల్లుదురో అడిగి వ్రాసికొనుడు. చెక్కు మడిలో పైరు పాలిపోయినదని జాలిపడి రాత్రివేళ రెండు గుప్పెళ్లు యూరియా చల్లువారు కలరు. మంచి మనస్సుతో చేసినదే యైనను దానితో మొత్తము పరీక్ష చెడును. చూడలేకపోయినచో విద్యార్థికి చెప్పి పరీక్షను ఆపివేయించుడు, రహస్యముగా మాత్రము ఏమియు వేయవద్దు.

కోత యంత్రమును పిలిచిన రోజున ఇంకను జాగ్రత్త. యంత్రము నడుపువానికి మేకుల హద్దు తెలియదు, పది నిమిషములలో ఇరువది మడులును ఒకే తొట్టిలో కలిసిపోవును. కోతకు నాలుగు దినములు ముందు ఫోను చేయుడు. పిల్లలు వచ్చి ఆ పది సెంట్లను కొడవళ్లతో కోసి, మడి మడికి చీటీ కట్టి, నూర్చి తూచుకొని, ధాన్యమును మీకు అప్పగించి పోవుదురు.